నలుగురు కలిసి నలభై ఏళ్లు

ఫిడేలు మనకు కొత్త వాద్యం కాదు. పరాయిదేశం నుంచి వచ్చిందే అయినా బాలుస్వామి దీక్షితుల కాలంనుంచీ కర్ణాటక కచేరీలో స్థిరపడిపోయింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానిచేత పక్కవాద్యంగానే కాక ఒంటరిగానూ కచేరీ చేయించారు. కాని గాయకుడు లేకుండా, మృదంగం లేకుండా, నాలుగు తంత్రీవాద్యాలే సభంతా నడపటమన్నది మనలో చాలామందికి ఎరుక లేని సంగతి. పాశ్చాత్యులు దాన్ని స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు.

రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో – ఇంతే. వయోలా చూడటానికి పెద్ద ఫిడేలులా ఉంటుంది, శ్రుతి కొంచెం దిగువన. చెల్లో దానికి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. 18వ శతాబ్దంలో హైడన్ ఈ ప్రక్రియకు రూపం దిద్దాడు. మన పద్ధతిలో ఒకరు పాడితే మరొకరు అనుసరిస్తారు. ఇందులో నలుగురివీ నాలుగు వేర్వేరు వరసలు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. తాళం వేసి నడిపించే కండక్టరు ఉండడు. నలుగురూ సరిసంఖ్య కాబట్టి అభిప్రాయభేదం వస్తే ఇద్దరిటు, ఇద్దరటు! అందుకే చాలా క్వార్టెట్లలో కాలం గడిచేకొద్దీ మనుషులు మారుతూ ఉంటారు. బుడాపెస్ట్ క్వార్టెట్‌లో అయితే చివరికి హంగేరీవాడు ఒక్కడూ మిగల్లేదు.

మారనివాళ్లు ఉన్నారు. వాళ్లే అమడేయస్ క్వార్టెట్.

1938లో హిట్లరు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వియన్నా యూదుల పిల్లలు ఎందరో ఇంగ్లండు చేరారు. వారిలో నార్బర్ట్ బ్రైనిన్, జీగ్మండ్ నిస్సెల్, పీటర్ షిడ్లాఫ్ ముగ్గురూ ఫిడేలు విద్యార్థులే. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం ఇటువంటివారిని ‘శత్రుదేశస్థులు’ అని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. హిట్లరు బారినుంచి పారిపోయి వచ్చినవాళ్లను హిట్లరు మనుషులేమోనన్న అనుమానంతో కంచె లోపల పెట్టడం! అయితే ఆ కంచె లోపలే బ్రైనిన్, షిడ్లాఫ్ కలుసుకున్నారు. తర్వాత షిడ్లాఫ్‌ను మాన్ దీవికి మార్చితే అక్కడ నిస్సెల్ కనిపించాడు. విడుదలయ్యాక మాక్స్ రోస్టల్ అనే గొప్ప గురువు వీళ్లకు ఫీజు పుచ్చుకోకుండా విద్య చెప్పాడు. ఆయనా వలస వచ్చినవాడే. లండనులో పుట్టిన మార్టిన్ లవెట్ చెల్లోతో చేరేసరికి నలుగురయ్యారు.

ఇక్కడొక చిక్కు. ముగ్గురూ ఫిడేలువాళ్లే, మరి వయోలా ఎవరు? షిడ్లాఫ్ పట్టుకున్నాడు. రాగం పైన సాగిపోయే ఫిడేలు వదిలి, వినేవాళ్లు సాధారణంగా పట్టించుకోని నడిమి స్వరానికి రావటం చిన్న త్యాగం కాదని నా అభిప్రాయం. 1947 వేసవిలో డార్టింగ్‌టన్‌లో బ్రైనిన్ క్వార్టెట్ పేరుతో వాయించారు. అది విన్న ఇమోజెన్ హోల్స్ట్ నూరు పౌన్లు ఇవ్వగా, 1948 జనవరి 10న లండను విగ్‌మోర్ హాలులో అమడేయస్ అన్న పేరుతో కచేరీ జరిగింది. మోత్సార్ట్ పేరులోని మాటే అది.

అక్కడనుంచి దేశదేశాలు తిరిగారు, రికార్డులు లెక్కకు మించి ఇచ్చారు. అదంతా ఏకరువు పెట్టను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. బెంజమిన్ బ్రిటెన్ జబ్బుతో ఉండి 1975లో తన మూడవ క్వార్టెట్‌ను వీళ్లకోసం రాశాడు. 1976 డిసెంబరు 4న ఆయన పోయాడు. ఆ నెల 19న స్నేప్‌లో వీళ్లు దాన్ని తొలిసారి సభలో వాయించారు. ఆ కృతి చివర ముగింపులా ఉండదు. ఎవరో ఏదో అడిగి ఆగిపోయినట్లుంటుంది.

1987 ఆగస్టులో షిడ్లాఫ్ గుండెపోటుతో మరణించాడు. తక్కిన ముగ్గురూ మరొకరిని తీసుకోలేదు, అమడేయస్ అక్కడితో ఆగింది. ఇది సరియైన నిర్ణయమేనా? 1945లో పుట్టిన రష్యా బొరోడిన్ క్వార్టెట్ తొలినాటి సభ్యులంతా వెళ్లిపోయినా ఆ పేరుతోనే సాగింది. అది సంప్రదాయం నిలవటం, దాన్నీ తప్పనలేం. కాని అమడేయస్ మాట వేరని నాకనిపిస్తుంది. నలభై ఏళ్లు రిహార్సల్సులో వాదించుకుని, ఒకరి విల్లు ఎత్తుబట్టి మరొకరు ఊపిరి తీసుకోవటం నేర్చినవాళ్లకు ఆ కుర్చీలో కొత్తమనిషిని కూర్చోబెడితే, వాయించే పాట అదే అయినా మాట్లాడుకునే భాష మారిపోతుంది. పేరు నిలుపుకొంటే కచేరీలకు లోటుండేది కాదు. వద్దనుకున్నారు.

విద్య చెప్పటం మాత్రం మానలేదు. బ్రైనిన్ 2005లో, నిస్సెల్ 2008లో పోయారు. చివరివాడు లవెట్ 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, 93వ ఏట కన్నుమూశాడు.

వినదలచుకున్న మిత్రులు మోత్సార్ట్ జి మైనర్ క్వింటెట్‌తో మొదలుపెట్టవచ్చు. అందులో సెసిల్ అరనోవిట్స్ రెండో వయోలాగా వీళ్లతో కలిశాడు. మొదటిసారి ఫిడేలు వెంటపడి వినండి, ఎలాగూ చెవి అటే పోతుంది. రెండోసారి ఫిడేలును వదిలేసి మధ్యలో పలికే షిడ్లాఫ్‌ను వెతకండి.