గడప నుండి గడపకు: సైకిలు, బస్సు, మోటారు బండ్ల ప్రయాణ కాలమును గూర్చి

మన పల్లెలలోని వృద్ధులు దూరమును తెలుపునప్పుడు కూతవేటు అనియు, పూట నడక అనియు చెప్పెడివారు. ఆమడ యను కొలత ఉన్నను, ఎద్దులబండి ఎంతసేపటికి చేరునో ఆ లెక్కతోనే దానిని గ్రహించెడివారు. దూరమనునది వారి దృష్టిలో కాలమునకు మారుపేరు. కిలోమీటరు రాళ్లు పాతిన తరువాత మనము ఈ రెండింటిని విడదీసితిమి. విడదీసి, బండి వేగమొక్కటే ప్రయాణమును నిర్ణయించునని నమ్మితిమి. తీరప్రాంతమునుండి నెల్లూరునకు చదువుకొరకు వచ్చు విద్యార్థుల విషయమున ఈ నమ్మకము ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలెనని మా సంకల్పము.

ఇది ఊరక వినోదమునకై వేయు లెక్క కాదు. మొదటి గంటలో హాజరు పిలుచునప్పుడు వెనుక బల్లలు ఖాళీగా నుండుట అధ్యాపకులందరు ఎరిగినదే. ఆలస్యముగా వచ్చి తలుపు దగ్గర నిలుచు విద్యార్థులలో సోమరులు కొందరుండవచ్చును. పెక్కుమంది మాత్రము మనకంటె ముందు నిద్రలేచినవారే. హాజరు తగ్గి పరీక్షకు కూర్చుండు అర్హత పోయినప్పుడు వారు పోగొట్టుకొనునది మొదటి గంట మాత్రమే కాదు, ఒక సంవత్సరము.

మొదట ప్రదేశమును చూతము. చెన్నై విజయవాడల రైలు మార్గము నెల్లూరు గుండ ఉత్తర దక్షిణములుగా పోవును. గూడూరు వైపునుండియు, కావలి వైపునుండియు వచ్చువారికి అది ఉపకరించును. తూర్పుననున్న ఇందుకూరుపేట, మైపాడు, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు గ్రామములవారికి దానితో పనిలేదు. వెంకటాచలమునుండి కృష్ణపట్నపు రేవునకు పోవు శాఖ సరుకులకొరకు వేసినది. ఒకప్పుడు ఈ తీరమునకు బకింగ్‌హామ్ కాలువయే రాజమార్గము. 1876-78 నాటి కరవులో కూలి జనమునకు పని కల్పించుటకై దానిని పొడిగించిరి. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి నిలిచినది. ఉప్పును, కట్టెలను మోసికొని త్రాటితో లాగబడుచు పోయిన ఆ పడవల వేగము మనిషి నడకకు మించినది కాదు. ఆ కాలువ పూడిపోయినది. నేటి విద్యార్థికి మిగిలినవి రోడ్డు, దానిపై బస్సు, మోటారు సైకిలు, సైకిలు. కారునుగూర్చి ఇచ్చట విస్తరింపము. కారులో కళాశాలకు వచ్చువాని సమస్య కాలము కాదు, దానిని నిలుపుటకు చోటు.

ఇక లెక్కకు వత్తము. కొన్ని అంకెలను అనుకొందము. ఎవరి ఊరి అంకెలను వారు వేసికొని సరిచూచుకొనవచ్చును. సైకిలు గంటకు 14 కిలోమీటర్లు, బస్సు ఆగుచు పోవుచు గంటకు 25 కిలోమీటర్లు నడచుననుకొందము. వేగమును చూచిన బస్సుదే గెలుపు. కాని విద్యార్థి బస్సులో పుట్టలేదు. ఇంటినుండి రోడ్డుమీదికి నడక 8 నిమిషములు. అరగంటకొక బస్సు ఉన్నచో నిరీక్షణ సగటున 15 నిమిషములు. దిగిన చోటినుండి తరగతికి 10 నిమిషములు. బస్సు చక్రము కదలకయే 33 నిమిషములు గడచినవి. సైకిలునకు ఈ పన్ను లేదు. అది గడపలో బయలుదేరి గడపలో ఆగును.

పెన్నకు ఆవల కోవూరులో, కళాశాలకు 7 కిలోమీటర్ల దూరమున ఉన్న విద్యార్థికి సైకిలుపై 30 నిమిషములు, బస్సులో 50 నిమిషములు పట్టును. సుమారు 15 కిలోమీటర్లు రావలసిన ఇందుకూరుపేట విద్యార్థికి సైకిలుపై 64, బస్సులో 69. మైపాడునుండి 25 కిలోమీటర్లనుకొన్నచో సైకిలుపై 107, బస్సులో 93. అనగా 17 కిలోమీటర్ల వరకు సైకిలే ముందు, ఆపైన బస్సు. బస్సులు గంటకొకటియే అయినచో ఈ హద్దు 25 కిలోమీటర్లకు జరుగును. పది నిమిషములకొకటి వచ్చినచో 12 కిలోమీటర్లకు తగ్గును. బస్సును ఓడించునది సైకిలు కాదు, నిరీక్షణ.

ఈ నిరీక్షణలో మరియొక చిక్కు కలదు. గంటకు రెండు బస్సులున్నవని డిపోవారు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని అవి 10 నిమిషముల ఎడముతో ఒకదానివెనుక నొకటి వచ్చి, ఆపైన 50 నిమిషములు కనబడక పోవుననుకొందము. అప్పుడు సగటు నిరీక్షణ 15 నిమిషములే యనుట పొరపాటు. గంటలోని 60 నిమిషములలో 50 నిమిషములు పెద్ద ఎడములోనివే కనుక, ప్రయాణికులు ఆరుగురిలో అయిదుగురు దానిలోనే చిక్కుకొందురు. వారు సగటున 25 నిమిషములు, తక్కిన ఆరవవాడు 5 నిమిషములు నిలుచును. అందరి సగటు దాదాపు 22 నిమిషములగును. బస్సుల సంఖ్య మారలేదు, ఎడము మాత్రమే మారినది. "మేము పోయినప్పుడే బస్సు రాదు" అని విద్యార్థులు చెప్పు మాట దురదృష్టమునకు సంబంధించినది కాదు, గణితమునకు సంబంధించినది. కావున బస్సులు పెంచుడని అర్జీ పెట్టుటకంటె, ఉన్నవానినే సమానమైన ఎడముతో నడుపుడని కోరుట సులభము, సఫలము కూడ.

బస్సు వేళ తెలిసియే పోవుదురు గదా, వేచియుండుట ఎందుకని కొందరడుగవచ్చును. పదిగంటల తరగతికి అందు బస్సు తప్పునేమోయని భయపడువాడు అంతకు ముందరి బస్సు ఎక్కి, తొమ్మిదింటికే వచ్చి వరండాలో కూర్చుండును. నిరీక్షణ బస్సు స్టాపునుండి వరండాకు మారినది, అంతే.

సైకిలునకు శత్రువులు లేరని మా అభిప్రాయము కాదు. ఈ తీరమున మొదటి శత్రువు గాలి. తెల్లవారు వేళ నేల కడలికంటె చల్లగా నుండుటచే గాలి పడమటినుండి తూర్పునకు మెల్లగా వీచును. మధ్యాహ్నమునకు నేల కాగినపిదప కడలిగాలి తూర్పునుండి లోనికి వచ్చును. ఉదయము పడమరగా నెల్లూరునకు వచ్చి, సాయంకాలము తూర్పుగా ఇల్లు చేరు విద్యార్థికి రెండు పూటల ఎదురు గాలియే. నెల్లూరులో కాపురముండి తీర గ్రామములో పాఠము చెప్పు ఉపాధ్యాయునకు రెండు పూటల వెనుకగాలి! ప్రకృతి ఈ విషయమున అధ్యాపక పక్షపాతి. గాలి అడ్డు, ఎదురువేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 14 కిలోమీటర్లు పోవువానికి 7 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినచో అడ్డు రెండింతలు దాటును. అతడు వేగము తగ్గించుకొనక తప్పదు. కనుక ఇందుకూరుపేటవాని 64 నిమిషములు అప్పుడప్పుడు 80 కావచ్చును. వేసవిలో పడమటి వడగాలి ఉదయముననే మొగముపై కొట్టును. రంజాను ఉపవాసము ఎండలకాలమున వచ్చిన సంవత్సరములలో మిట్టమధ్యాహ్నము 15 కిలోమీటర్లు తొక్కుమని ఎవరును సలహా ఈయరాదు. ఆ దినములలో బస్సే శరణ్యము.

రెండవ శత్రువు వాన. మన జిల్లాకు ముఖ్యమైన వర్షము అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. ఆ నెలలలో విజయమహల్ గేటు, మాగుంట లేఔటు వంటి రైలు వంతెనల క్రింద నీరు నిలుచుట పట్టణవాసులకు క్రొత్త కాదు. అప్పుడు బస్సు చుట్టు తిరిగి పోవును, మోటారు సైకిలు ఇంజను నీటిలో ఆగిపోవును, సైకిలువాడు దిగి ప్యాంటు మడిచి తోసికొని పోవును. మూడవ శత్రువు జాతీయ రహదారి. తూర్పు పల్లెలవారు నెల్లూరు బైపాసును దాటక ఊరిలోనికి రాలేరు. అచ్చట లారీల నడుమ సైకిలు దాటించుట ఎంత వేగగామికైనను తగదు. ఆగి, దిగి, నడచి దాటుటయే మేలు. అందుకు పట్టు అయిదు నిమిషములను మా లెక్కకు కలుపుకొనవలెను.

పట్టణములోపలి ప్రయాణమును గూర్చి తగవు లేదు. శుక్రవారము జుమా నమాజునకు పోయి మధ్యాహ్నపు తరగతికి మరలి రావలసినవానికి 2 కిలోమీటర్లకు సైకిలును మించిన సాధనము లేదు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ దినములలో దర్గామిట్ట చుట్టు వాహనములను మళ్లించినప్పుడు ఈ సత్యము మోటారు బండ్లవారికి సైతము బోధపడును.

ఇక మోటారు సైకిలు. గడియారము మాత్రమే సాక్షియైనచో దీనిదే విజయము: 15 కిలోమీటర్లకు అరగంట. కాని 1854లో ప్రచురితమైన ‘వాల్డెన్’ గ్రంథమున హెన్రీ డేవిడ్ థోరో ఒక విచిత్రమైన లెక్క వేసెను. 30 మైళ్ల దూరమునకు రైలు టికెట్టు ఒక దినపు కూలికి ఇంచుమించు సమానము. టికెట్టు డబ్బు సంపాదించి నీవు రైలెక్కులోపల నేను నడచియే చేరుదునని ఆయన వాదము. ఇవాన్ ఇలిచ్ 1974లో ‘ఎనర్జీ అండ్ ఈక్విటీ’ అను పుస్తకమున దీనినే అమెరికా కారునకు అన్వయించెను. కారులో గడపిన గంటలకు దానికై సంపాదించిన గంటలను కలిపినచో ఏటికి 1600 గంటలు. నడచిన దూరము 7500 మైళ్లు. అనగా గంటకు అయిదు మైళ్లకు తక్కువ.

ఈ కొలతబద్దతో మన విద్యార్థిని కొలుతము. ఇందుకూరుపేటనుండి దినమునకు 30 కిలోమీటర్లు, ఏటికి 220 దినములు: 6600 కిలోమీటర్లు. 90,000 రూపాయల బండి పదేండ్లు నడచినచో ఏటికి 9,000. లీటరునకు 50 కిలోమీటర్ల చొప్పున, 110 రూపాయల ధరతో పెట్రోలుకు 14,520. భీమా, మరమ్మతులకు 4,000. మొత్తము 27,520 రూపాయలు. తండ్రి దినమునకు ఎనిమిది గంటలు పనిచేసి 500 రూపాయలు తెచ్చువాడైనచో ఇది 55 దినముల కష్టము, 440 గంటలు. కుమారుడు బండిపై గడపు 220 గంటలను కలుపగా 660. నిజమైన వేగము గంటకు 10 కిలోమీటర్లు. సైకిలునకు కొనుగోలు, మరమ్మతులు కలిపి ఏటికి 2,500 రూపాయలనుకొన్నచో తండ్రికి 40 గంటలు, కుమారునికి 471 గంటలు; వేగము గంటకు దాదాపు 13 కిలోమీటర్లు.

మరియొక విధముగా చెప్పుదము. మోటారు సైకిలువలన కుమారునకు ఏటికి మిగులునవి 250 గంటలు. వానికొరకు తండ్రి అధికముగా పనిచేయునవి 400 గంటలు. బండిని ఇంటివారందరు వాడుకొందురనియు, రాత్రివేళ ఆసుపత్రికి పోవుటకు అదే ఆధారమనియు చెప్పువారి మాటను మేము కాదనము. కళాశాల కొరకు మాత్రమే అప్పు చేసి బండి కొనుట విషయమున ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలెనని మాత్రము కోరుదుము.

బాలికల విషయము వేరు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకము ఆరంభమై, పల్లెవెలుగు మున్నగు బస్సులలో స్త్రీలకు టికెట్టు లేకుండ పోయినది. దానితో ఇందుకూరుపేట విద్యార్థినికి బస్సు వేగము, పై లెక్క ప్రకారము, గంటకు 13 కిలోమీటర్లు. సైకిలుతో సమానము. ఇది గొప్ప మేలు. అయినను ఉచిత ప్రయాణము నిరీక్షణను ఒక్క నిమిషమైనను తగ్గింపదు. ఆడపిల్లల చదువు ఆగిపోవునది సాధారణముగా టికెట్టు దగ్గర కాదు. సాయంకాలము చీకటిపడు వేళ బస్సు రాని రోడ్డుమీద, ఇంటికిని రోడ్డునకును నడుమనున్న రెండు మూడు కిలోమీటర్ల నడకలో. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకై సొమ్ము ఇచ్చినప్పుడు హైస్కూలులో బాలికల చేరిక 32 శాతము పెరిగినదని మురళీధరన్, ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. పాఠశాల 3 కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామములలోనే ఆ మేలు అధికము. మనకు పొరుగున తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాతి అక్షరాస్యతా ఉద్యమమున వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. వారిలో ముస్లిం స్త్రీలు కూడ కలరు. బురఖా చైనులో పడునను భయము నిజమైనదే. చైనును పూర్తిగా కప్పు కవరు, వెనుక చక్రమునకు వల గల లేడీస్ సైకిలు అందుకు తగిన ఉపాయము.

కావున మైపాడు విద్యార్థికి సైకిలా బస్సా యను ప్రశ్నయే సరిగాదు. లోపలి పల్లెనుండి రోడ్డుమీదికి 3 కిలోమీటర్లు నడచిన 40 నిమిషములు, తొక్కిన 13. సైకిలును స్టాపు దగ్గర తెలిసిన దుకాణమున తాళము వేసి బస్సెక్కినచో దినమునకు 54 నిమిషములు మిగులును. బస్సు వేగమును రెట్టింపు చేసినను ఇంతకంటె పెద్దగా ఎక్కువ మిగులదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు మూడు. తీరమునుండి వచ్చు బస్సుల వేళలను తెప్పించి, వానిని బట్టి మొదటి గంటను పదిహేను నిమిషములు జరుపవచ్చునేమో ఆలోచింపవలెను. బస్సుల ఎడమును సరిచేయుడని డిపో అధికారికి కళాశాల పేరున లేఖ వ్రాయవలెను. సైకిలు స్టాండునకు రేకుల కప్పు వేయించి, ఒక మూలను గాలిపంపు, పంక్చరు అతుకుల డబ్బా ఉంచవలెను. వాని వెల ఒక విద్యార్థి ఏటి పెట్రోలు ఖర్చులో పదవవంతు కాదు. తాళపుచెవిని ఆఫీసులో పెట్టక స్టాండులోనే ఉంచినచో సాయంకాలము అయిదు దాటిన తరువాత కూడ పంపు పనికివచ్చును.