కోనసీమ కామతమునకు తగిన గొఱ్ఱెజాతి యేది?

వరి, కొబ్బరి, అరటి పండించు మన కామతములందు కొన్ని గొఱ్ఱెలను గూడ పెంచిన లాభకరమని పలువురు సభ్యులు తలంచుచున్నారు. తలంపు మంచిదే. తోటలోని వ్యర్థమగు గడ్డి మాంసమగును. పెంట పొలమునకు బలమగును. అయితే సంఘమునుండి ఋణము దీసికొని మందను గొనువాడు మొదట విచారింపవలసినది ఏ జాతి పెద్దది యని కాదు, ఏ జాతి మన నేలపై బ్రతుకును అని. పది గొఱ్ఱెలలో రెండు చచ్చిన మూలధనమున నైదవవంతు పోయినట్లే. వాయిదా మాత్రము ఆగదు.

మన నేల యెట్టిది? గౌతమీ వసిష్ఠల నడుమ నున్న ఈ సీమ, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ నీటితో పండుచున్నది. వరికి మేలుచేయు ఈ తడియే గొఱ్ఱెకు శత్రువు. బురదలో నిలిచిన గిట్టలు మెత్తబడి కుళ్ళును. కాలువ గట్లయందలి నత్తల మూలమున కార్జపు జలగ వ్యాపించును. తడి పచ్చికతో పొట్టపురుగులు కడుపు చేరును. కావున జాతిని నిర్ణయించునపుడు ఈ మూడింటిని మఱువరాదు.

తెలంగాణపు మెట్టలందును మహారాష్ట్రమందును పెరుగు దక్కనీ జాతి ఉన్నిగొఱ్ఱె. దాని ఉన్ని కంబళ్లకు పనికివచ్చును గాని, మన వానలలో తడిసిన త్వరగా నాఱదు. అది మనకు తగదు.

నెల్లూరు జాతికి ఉన్ని లేదు, పొట్టి వెండ్రుకలే యుండును. మన దేశపు గొఱ్ఱెలలో మిక్కిలి పొడవైనది ఇదియే. ఇందు మూడు రకములు గలవు: తెల్లనిది పల్ల, తెల్లని మేనిపై మూతివద్దను కన్నులచుట్టును నల్లమచ్చలు గలది జోడిపి, ఎఱ్ఱనిది దొర. ఎదిగిన పొట్టేలు సుమారు 36 కిలోలు, గొఱ్ఱె సుమారు 30 కిలోలు తూగును. మాంసమునకు మంచి జాతి. కాని దాని పుట్టినిల్లు మెట్టసీమ. అచ్చటి మందను ఆషాఢమున దెచ్చి మన బురదలో దింపుట దానిని చేతులార చంపుకొనుటయే.

ఇతర లంకసీమలను జూతము. గంగానది కడపటనున్న సుందరవనములలో గారోల్ అను చిన్న గొఱ్ఱె నీరు నిలిచిన పచ్చికలో సయితము మేయును. ఒక్క ఈతలో రెండు మూడు పిల్లలను బెట్టును. ఒడిశా తీరపు కేంద్రపడ జాతికిని అధికసంతాన గుణము గలదు. తడి సీమలో నిలిచినది చిన్న జంతువే యని దీనివలన దెలియుచున్నది. కాబట్టి మన యూళ్లలోని నాటుగొఱ్ఱె పొట్టిదని చులకన చేయరాదు.

మా సలహా యిది. గొఱ్ఱెలను మన సీమలోనే రెండు వానకాలములు గడపిన మందలనుండి కొనుడు. పొట్టేలును మాత్రము నెల్లూరు జోడిపి జాతినుండి తెప్పించుడు. తల్లివలన ఓర్పును, తండ్రివలన తూకమును పిల్లకు వచ్చును. ఒక పొట్టేలు 25 గొఱ్ఱెలకు చాలును. కావున ఐదేసి గొఱ్ఱెలున్న ఐదుగురు సభ్యులు కలిసి ఒకదానిని బెట్టుకొనవచ్చును. అది తన కూతుళ్లతో గలియకుండ రెండేండ్లకొకసారి మార్చవలయును.

కొనుటకు సంక్రాంతి తరువాతి కాలము మంచిది. వానలకు ముందు అలవాటుపడుటకు వ్యవధి యుండును. గిట్టలు విప్పి చూడుడు. కనురెప్ప లోపలి భాగము ఎఱ్ఱగా నుండవలయును. పాలిపోయిన దానిని, దవడక్రింద వాపుగల దానిని ఎంత చౌకయైనను కొనవలదు. అది జలగకో పురుగులకో గుఱుతు.

ఇంటికి దెచ్చిన పిదప నేలకు రెండు మూడడుగుల యెత్తున వెదురుబద్దల మంచెపై పడుకొనబెట్టుడు. మంచు ఆఱినగాని మేతకు తోలవలదు. మురుగుకాలువల గట్లు మాన్పుడు. వానలకు ముందును వెనుకను పశువైద్యుని యడిగి పురుగుల మందు త్రాగింపుడు. చిటుకు రోగమునకు తొలకరికి ముందే టీకా వేయింపుడు. దాళ్వా కోతలైన పొలమున మంద కట్టిన ఎరువు ఖర్చు కొంత తగ్గును.

కొబ్బరితోట గలవారికి మఱియొక హెచ్చరిక. మొవ్వుకుళ్ళు తెగులునకు చల్లు బోర్డో మిశ్రమమున మైలుతుత్తము గలదు. అందలి రాగిని పశువు కొంత సహించును గాని గొఱ్ఱె సహింపజాలదు. మందు చల్లిన చెట్లక్రింది గడ్డిని, మంచి వానలు కడుగువఱకు మేపరాదు. లేత మొక్కలకు కంచె తప్పదు.

గొఱ్ఱె ఐదు మాసములు మోయును. పిల్ల మూడు మాసములకు పాలు విడుచును. కావున మొదటి యేట అమ్మకమును నమ్మి వాయిదా వ్రాయించుకొనవలదు. ఐదింటితో ఆరంభించి, అవి రెండు వానలు దాటిన పిమ్మట మందను పెంచువాడే ఋణము దీర్చి మంద నిలుపుకొనును.