పంట కాపలా తుపాకికి తుప్పు పట్టకుండ

చిత్తూరు జిల్లా కార్వేటినగరం ప్రాంతమున కొండల అంచున వేరుశనగ, చెరకు వేయు రైతులకు అడవిపందుల బెడద తెలియనిది కాదు. పంట రక్షణకై మందు దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు 1959 ఆయుధ చట్టము వీలు కల్పించుచున్నది. లైసెన్సు ఉన్నంత మాత్రమున పందిని కాల్చరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అందుకు వేరుగా అనుమతి ఉండవలెను.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవన వర్షములకు తుపాకి గొట్టము త్వరగా తుప్పు పట్టును. ఇందుకు చాలామంది ఇంటిలోని స్ప్రే డబ్బాను వాడుచున్నారు. అది కొంతవరకే పనికివచ్చును.

స్ప్రే చేయు పని

ఇట్టి వానిలో పేరొందిన డబ్ల్యు.డి.-40ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారుచేసిరి. దానిని మొదట అట్లాస్ క్షిపణి పైరేకును తుప్పునుండి కాపాడుటకు వాడిరి. అది తడిని తొలగించును, బిగిసిన మరలను వదులు చేయును. కాని అందలి ద్రావకము ఆవిరియై పోగా మిగులునది పలుచని నూనె పొర మాత్రమే. అది ఎక్కువ కాలము నిలువదు.

నాటు మందులో సురేకారము, గంధకము, బొగ్గు ఉండును. అది కాలిన పిమ్మట గొట్టములో మిగులు లవణములు గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తినును. ఈ లవణములు నీటిలో కరగును గాని నూనెలో కరగవు. కడుగకుండ స్ప్రే కొట్టినచో మసి నూనె క్రింద దాగి, తుప్పు లోలోపల సాగును.

శుభ్రపరచు విధము

1. మందు దట్టించు కడ్డీని గొట్టములోనికి దింపి, తుపాకి ఖాళీగా ఉన్నదని నిశ్చయము చేసికొనవలెను.
2. కొయ్య భాగము తడియకుండ, గొట్టమును వేడినీటితో మసి పోవువరకు కడుగవలెను.
3. పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, పిదప స్ప్రే కొట్టి మరల తుడువవలెను.
4. చివరకు తుపాకి నూనెగాని, కుట్టుమిషను నూనెగాని పలుచగా పూయవలెను. వంటనూనెలు జిగురుకట్టును గనుక వాడరాదు.

జాగ్రత్తలు

మందు పోయుటకు ముందు గొట్టమును, టోపీ పెట్టు చోటి సన్నని రంధ్రమును నూనె లేకుండ తుడువవలెను. నూనె తగిలిన మందు పేలకపోవచ్చును, లేదా ఆలస్యముగా పేలవచ్చును. పేలని తుపాకి గొట్టములోనికి తొంగి చూడరాదు; మనుష్యులు లేని వైపునకు త్రిప్పి కొన్ని నిమిషములు ఆగవలెను. స్ప్రేకు నిప్పు త్వరగా అంటుకొనును గనుక పొయ్యి, బీడీ, మందు దగ్గర వాడరాదు.

ఎన్నికల వేళ తుపాకిని ఠాణాలో అప్పగింపవలసి వచ్చినచో, అది వారములకొలది అచ్చటనే ఉండును. కావున అప్పగించుటకు ముందే కడిగి నూనె పూయుడని గ్రామోద్యోగులు లైసెన్సుదారులకు తెలుపవలెను.