ఇంటిలోనే చీజ్ బర్గరు చేసుకొందాం



సెలవులకు నెల్లూరు, హైదరాబాదు, బెంగళూరు హాస్టళ్ల నుండి ఇల్లు చేరిన పిల్లలు అమ్మను అడిగే వాటిలో ఇప్పుడు బర్గరు ఒకటి. ఇది పిల్లలకు పెట్టవచ్చునా, షుగరు ఉన్న మామగారు ఒకటి తింటే ఏమవుతుంది, చీజ్ మంచిదేనా అని తల్లులు మమ్మల్ని అడుగుతున్నారు. తినవద్దు అని ఒక్క మాటతో పంపివేయడం సులభమే. కానీ మంచి మాంసంతో, శుభ్రమైన చేతులతో ఇంట్లో చేసిన బర్గరు కూడా భోజనమే గదా! రొట్టె, మాంసం, పాలపదార్థం, కూరగాయలు అన్నీ అందులో ఉన్నాయి. గనుక ఈ నెల పాఠంలో దానిని రుచిగా చేసే విధానం, జాగ్రత్తపడవలసిన చోట్లు కలిపి చెబుతాము. చాలామంది చీజ్‌ను చూసి భయపడతారు. మేమైతే ముందుగా కైమాను చూడమంటాము.

బర్గరు పేరు జర్మనీ దేశంలోని హాంబర్గ్ పట్టణం నుండి వచ్చింది. అది పెద్ద వ్యాపారమైనది మాత్రం అమెరికాలో. 1996లో మెక్‌డొనాల్డ్స్ వారు ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు గొడ్డుమాంసం లేకుండా, గొర్రె మాంసంతో బర్గరు చేసి అమ్మారు. మనం కూడా మేక, గొర్రె, కోడి మాంసంతోనే చేసుకొందాం.

కైమా సంగతి

మాంసపు ముక్క మీద క్రిములు సాధారణంగా పైభాగంలోనే ఉంటాయి. ముక్కను కూర వండినా, కాల్చినా పైభాగానికి ముందుగా వేడి తగిలి అవి చచ్చిపోతాయి. అదే మాంసాన్ని కైమా కొడితే పైనున్న క్రిములు లోపలికంతా కలిసిపోతాయి. ఆ కైమాను ఉండ చేసి, బిళ్ళగా తట్టి, పైన మాత్రం ఎర్రగా కాల్చి దించితే మధ్యలో ఉన్నవి బ్రతికే ఉంటాయి. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని బర్గర్లు తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ.కొలై అనే క్రిమిలో ఒక చెడ్డ రకం. అది మొదట రక్తవిరేచనాలు కలిగించి, కొందరు పిల్లలలో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ రకం క్రిమి ఆవులలోనే గాక గొర్రెలు, మేకలలో కూడా ఉండగలదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూడండి. అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెలలో ఆదివారం తెల్లవారుజామున వేట కోస్తారు. ఆరు గంటలకు మాంసం తెచ్చి, స్టీలు గిన్నెలో పెట్టి మూతవేసి, ఆరాధనకు వెళ్లి, పన్నెండున్నరకో ఒంటిగంటకో వచ్చి పొయ్యి వెలిగించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మే నెలలో మన ఎండలు ఎట్లుంటాయో చెప్పనక్కరలేదు. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండరాదు. ఎండాకాలంలో ఒక గంటే. అప్పటికే ఆలస్యమైన మాంసాన్ని బాగా ఉడికిస్తే సరిపోతుంది గదా అని కొందరు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. కొన్ని రకాల క్రిములు మాంసంలో విషాన్ని విడిచిపెడతాయి. తరువాత ఎంత ఉడికించినా క్రిములు చస్తాయి గాని ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకొంటాయి.

కాబట్టి ఫ్రిజ్ ఉన్నవారు తెచ్చిన వెంటనే లోపల పెట్టండి. కైమా అయితే ఆ రోజే వండండి. ఫ్రిజ్ లేనివారు బర్గరు చేయదలిస్తే ఆరాధన ముగిసిన తరువాత అప్పటికప్పుడు కోసిన కోడి తెచ్చుకోవడం మంచిది. ఎముకలు తీయించి ఇంట్లోనే కత్తితో సన్నగా కొట్టుకోవచ్చు. మాంసం కొట్టులో మిషను మీద ఆడించేటట్లయితే మీ ముందే ముక్క కోయించి, మిషను కడిగించి ఆడించమనండి. అడగడానికి మొహమాటపడవద్దు.

బిళ్ళలు చేయు విధానం

అరకిలో కైమాకు ఐదు బర్గర్లు అవుతాయి. తొడ మాంసం, భుజం మాంసం మంచివి. కొంచెం కొవ్వు ఉండనివ్వండి, బొత్తిగా లేకపోతే బిళ్ళ చెక్కలాగా తయారవుతుంది.

లోపలిదాకా ఉడికిస్తే బర్గరు ఎండిపోతుందని పెద్ద హోటళ్ల వారు సగం పచ్చిగా దించుతారు. దానికి ఇంట్లో చేసుకోదగిన ఉపాయం ఒకటున్నది. ఒక బ్రెడ్డు ముక్కను మూడు చెంచాల పాలలో నానబెట్టి, మెత్తగా చిదిమి కైమాలో కలపండి. ఆ రొట్టె నీటిని పట్టి ఉంచుతుంది గనుక మాంసం పూర్తిగా ఉడికినా మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి, నాలుగు రెబ్బలు తెల్లగడ్డ నూరి వేయండి. అల్లం, గరం మసాలా, కొత్తిమీర వేసుకొంటే అది మన కట్లెట్ రుచికి వస్తుంది. మాకు అదీ ఇష్టమే గాని, పైన వేసే తీపి పులుపు పదార్థాల రుచి తెలియాలంటే మసాలా తక్కువ ఉండాలి. ఉప్పు ముందుగా కలిపి పిసకవద్దు. పిసికితే మాంసం బిగుసుకొని రబ్బరులాగా సాగుతుంది. బిళ్ళ తట్టిన తరువాత పెనం మీద వేయబోయే ముందు పైన చల్లండి.

బిళ్ళ అర అంగుళం మందానికి మించకూడదు. బన్ను కంటే కొంచెం వెడల్పుగా తట్టండి, కాలేటప్పుడు ముడుచుకొంటుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కితే ఉబ్బకుండా చదునుగా వస్తుంది. పెనం బాగా కాగిన తరువాత చెంచాడు నూనె వేసి, మధ్యరకం మంట మీద ఒక వైపు ఐదు నిమిషాలు, తిప్పి మూతపెట్టి మరి ఐదు నిమిషాలు కాల్చండి. అట్లకాడతో అదిమి రసం పిండేయకండి.

ఉడికిందని ఎలా తెలుస్తుంది? మధ్యకు కోసి చూస్తే ఎర్రదనం ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. కానీ కొంత మాంసం చాలినంత వేడెక్కక ముందే రంగు మారిపోతుంది గనుక రంగును మాత్రమే నమ్మి దించవద్దు, ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. వంట థర్మామీటరు ఉన్నవారు బిళ్ళ మధ్యకు గుచ్చి చూస్తే మేక, గొర్రె కైమా 71 డిగ్రీల సెంటీగ్రేడు, కోడి కైమా 74 డిగ్రీలు చూపాలి. జ్వరం చూసే థర్మామీటరుతో ఈ పని చేయకండి. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పగిలినా పగులుతుంది!

పచ్చి కైమా పెట్టిన పళ్లెంలోనే కాల్చిన బిళ్ళలను తిరిగి పెట్టడం మా కంటికి తరచుగా కనబడే పొరపాటు. వేరే పళ్లెం తీసుకోండి. కైమా కలిపిన చేతిని సబ్బుతో కడుక్కొన్న తరువాతనే బన్ను ముట్టుకోండి.

మాంసం తిననివారికి, శ్రమల దినాలలో మానినవారికి అలసందలు ఉన్నాయి. రాత్రి నానబెట్టి, నీరు పోయకుండా బరకగా రుబ్బి, ఎర్రగడ్డ, పచ్చిమిరప, జీలకర్ర కలిపి బిళ్ళ తట్టి పెనం మీద నిదానంగా కాల్చండి. మన అలసంద వడకు ఇది చెల్లెలు.

చీజ్

అంగడిలో దొరికే ముక్కలు ఎక్కువగా ప్రాసెస్డ్ చీజ్. ప్యాకెట్టు మీద అనలాగ్ అనే మాట ఉంటే అందులో పాలకొవ్వు బదులు వేరే నూనె వంటివి వాడారని అర్థం, అది వద్దు. చీజ్‌లో మాంసకృత్తులు, కాల్షియం ఉన్నాయి. ఉప్పు కూడా దండిగా ఉన్నది. పెద్దవారికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది, అంటే ఒక టీ చెంచాడు కంటే తక్కువ. ప్యాకెట్టు మీద సోడియం అని రాసి ఉండే అంకె చదవండి. రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం హద్దు. బర్గరుకు ఒక ముక్క చాలు. బిళ్ళ దించడానికి ఒక నిమిషం ముందు పైన పెట్టి, పెనం అంచున చెంచాడు నీళ్లు చిలకరించి మూతపెడితే ఆవిరికి చక్కగా కరుగుతుంది.

బి.పి. ఉన్నవారికి ఇంట్లో విరిచిన పనీరు మేలు. అందులో మనం వేస్తేనే ఉప్పు. అది చీజ్‌లాగా కరగదు గనుక చిదిమి, మిరియాలు చల్లి వేడి బిళ్ళ మీద పరచండి.

పైన వేసుకొనేవి

నిజంగా బర్గరుకు రుచి ఇక్కడే వస్తుంది. మాకు అన్నిటికంటే నచ్చినది నిదానంగా వేయించిన ఎర్రగడ్డ. రెండు పెద్ద గడ్డలు సన్నగా తరిగి, చెంచాడు నూనెలో, చిన్న మంట మీద అరగంట కలుపుతూ ఉండండి. అడుగంటుతుంటే కొంచెం నీరు చిలకరించండి. ఉదయగిరి చెక్క గరిటె ఉంటే దీనికి బాగుంటుంది, అడుగంతా గీరుకొని వస్తుంది. పది నిమిషాలలో అయిపోతుందని కొన్ని పుస్తకాలలో రాస్తారు, అవదు. అరగంటకు తేనె రంగు వచ్చి, చక్కెర పలుకు వేయకుండానే తియ్యగా ఉంటుంది.

వేసవిలో దోరగా పండిన బంగినపల్లి మామిడిని సన్నని ముక్కలు కోసి, పచ్చిమిరప తురుము, నిమ్మరసం కలిపి వేయండి. మన జిల్లా నిమ్మకాయకు కొదవ లేదు గదా. అనాసపండు చక్రాన్ని పెనం మీద రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చితే కోడి కైమాకు బాగా కుదురుతుంది. టమోటాలను ఆవాలు, ఎండుమిరప, చిన్న బెల్లం ముక్కతో దగ్గరగా ఉడికిస్తే సీసాలో కొనే సాసు అక్కరలేదు. అయితే బెల్లం, తేనె చక్కెర కావని, షుగరు ఉన్నవారికి పరవాలేదని అనుకోవద్దు. రక్తంలో షుగరును అవీ పెంచుతాయి. తేనెను ఏడాది లోపు బిడ్డకు నాకించనే కూడదు.

కారం, పులుపు కోరేవారికి నిమ్మరసంలో అరగంట ఊరిన ఎర్రగడ్డ చక్రాలు, కాల్చిన పచ్చిమిరప, పలుచగా రాసిన గోంగూర పచ్చడి సరిపోతాయి. తీపి ఎర్రగడ్డ, గోంగూర రెండూ కలిసిన బర్గరు ఏ పట్నపు దుకాణంలోనూ దొరకదు. పచ్చళ్లలో ఉప్పు ఎక్కువ గనుక చీజ్ ఉన్నప్పుడు గోంగూర అర చెంచా చాలు.

గుడ్డు వేసుకొంటే పచ్చసొన గట్టిపడేదాకా కాల్చండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ వద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే చేసింది. దానికి బదులు గట్టి పెరుగును గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు నీరు ఓడనిచ్చి, తెల్లగడ్డ, మిరియాలు, పుదీనా కలపండి. పిల్లలకు తేడా తెలియదు.

విదేశీ ఆకుల కోసం వెదకవద్దు, సన్నగా తరిగిన క్యాబేజీ చాలు. కానీ ఆకు ఆకు విడదీసి పారే నీటిలో కడగండి. మట్టి అంటిన పచ్చి కూరల ద్వారా బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, మెదడుకు చేరి, ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్నది.

బన్నును సగానికి కోసి, కోసిన వైపు పెనం మీద ఎర్రగా కాల్చిన తరువాత అన్నీ అమర్చండి. లేకపోతే రసానికి నాని విరిగిపోతుంది.

ఎవరు ఎంత తినవచ్చు

షుగరు ఉన్నవారు బన్నులో పైసగం తీసివేసి, వేయించిన ఎర్రగడ్డ కొంచెమే వేసి, క్యాబేజీ, కీరదోస ఎక్కువగా పెట్టుకొని ఒకటి తినవచ్చు. ఆ పూట అన్నం, చపాతీ ఉండకూడదు, పక్కన కూల్‌డ్రింకు అసలే వద్దు. బర్గరు తిన్నామని మాత్రను, ఇన్సులిన్‌ను సొంతంగా పెంచడం, మానడం చేయవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు చీజ్, టమోటా, గోంగూర విషయం డాక్టరు గారిని అడిగిన తరువాతే తినండి. గర్భిణీ స్త్రీలకు, ఐదేళ్ల లోపు పిల్లలకు, ముసలివారికి కైమా మరీ జాగ్రత్తగా ఉడకాలి. వార్డులో ఉన్న రోగులకు దయచేసి బర్గర్లు కట్టి తీసుకురావద్దు. అనంతసాగరం నుండి బస్సులో వచ్చేలోపు అవి ఎంతసేపు వేడిలో ఉంటాయో ఆలోచించండి.

తిన్న తరువాత ఎవరికైనా విరేచనాలు పట్టుకొంటే ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. విరేచనంలో రక్తం కనిపిస్తే ఆపే మాత్రలు అంగడిలో కొని వేయవద్దు. రక్తం పడినా, బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, మొహం పాలిపోయి మగతగా ఉన్నా రాత్రి అయినా సరే ఆగకుండా తీసుకురండి. ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, ఇంకెవరు తిన్నారో గుర్తుపెట్టుకొని వచ్చి చెబితే మాకు చికిత్స సులభమవుతుంది.

కాల్చిన బిళ్ళలు మిగిలితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు చిదిమి, ఎర్రగడ్డతో పొగలు వచ్చేదాకా వేయించి చపాతీలోకి పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఎందరు ఉంటే అన్నే చేయండి.