మోడల్ రాకెట్: తొలి పాఠం

రాకెట్ అనగానే మనకు శ్రీహరికోట గుర్తుకొస్తుంది. అంతకు చాలా ముందే, 18వ శతాబ్దంలో, మైసూరు పాలకులు హైదర్ అలీ, టిపూ సుల్తాన్ ఇనుప గొట్టాల రాకెట్లను యుద్ధంలో వాడారు. మందు కాలి వాయువు వెనక్కి చిమ్మితే గొట్టం ముందుకు దూసుకుపోతుంది. ఆ సూత్రాన్నే నేడు పిల్లలు అట్ట గొట్టంతో నేర్చుకోవచ్చు.

1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో పిల్లలు సొంతంగా మందు కూరి రాకెట్లు చేయబోయి గాయపడ్డారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ 1954లోనే ఒక చిన్న రాకెట్ రూపొందించారు. కాగితపు గొట్టం, వాడాక మార్చే ఇంజిన్, పారాచూట్ అందులోని భాగాలు. జి. హ్యారీ స్టైన్ ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో ముఖ్యమైన నియమం ఒక్కటే: మందును పిల్లలు కలపరు, కూరరు. కర్మాగారంలో తయారైన ఇంజిన్‌నే వాడతారు.

కూర్పు: రెక్కల చోట్లు పెన్సిల్‌తో గుర్తించి, సమాన దూరంలో, గొట్టం పొడవునా తిన్నగా జిగురుతో అతకాలి. రెక్క వంకరైతే రాకెట్ దారీ వంకరే. జిగురు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. పారాచూట్ కింద మంట అంటుకోని ప్రత్యేక కాగితం కూరాలి. లేకుంటే వేడి వాయువుకు పారాచూట్ కరిగిపోతుంది. ముక్కు బిగుసుకోకుండా, జారిపోకుండా అమరాలి.

నిలకడ: బరువు సరితూగే కేంద్రం ముక్కు వైపు, గాలి ఒత్తిడి కేంద్రం తోక వైపు ఉండాలి. రెంటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం కావాలి. రెక్కలు వెనుక ఉండేది ఇందుకే. ఇగ్నైటర్ లేకుండా ఇంజిన్ మాత్రం అమర్చి, బరువు సరితూగే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడాలి. ముక్కు ముందుకు సాగితే మంచిదే. లేకుంటే ముక్కులో కాస్త బరువు చేర్చాలి.

ఇంజిన్ గుర్తు: 'ఏ8-3' అంటే, అక్షరం మొత్తం శక్తిని తెలుపుతుంది. 'బి' గరిష్ఠ శక్తి 'ఏ'కి రెట్టింపు. 8 అంటే సగటు తోపు 8 న్యూటన్లు. 3 అంటే మందు కాలిపోయాక 3 సెకన్లకు పారాచూట్ బయటకు వస్తుంది. మొదటిసారి 'ఏ' చాలు.

ప్రయోగం: స్థానిక చట్టం కోరే అనుమతి ముందే తీసుకోవాలి. ఎండుగడ్డి, చెట్లు, కరెంటు తీగలు లేని మైదానం ఎంచుకోవాలి. 'ఏ' ఇంజిన్‌కు కనీసం 30 మీటర్ల పొడవు, వెడల్పు కావాలి. గాలి జోరుగా ఉంటే మానుకోవాలి. అగ్గిపుల్లతో కాదు, కనీసం 5 మీటర్ల దూరం నుంచి బ్యాటరీ స్విచ్‌తోనే వెలిగించాలి. పైకి వినబడేలా ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. వెలగకపోతే తాళం తీసి, ఒక నిమిషం ఎవరూ దగ్గరికి పోరాదు. తీగలపై చిక్కిన రాకెట్‌ను వదిలేయాలి.

పిల్లలకు కిట్ కొనిచ్చే పెద్దలం ప్రయోగం రోజున మైదానంలో వారి పక్కనే ఉండాలి. రాకెట్ పోతే మళ్లీ చేసుకోవచ్చు, కన్ను పోతే తిరిగి రాదు.