అట్టపెట్టెలో దాగిన ఫిజిక్స్ పాఠం



ఈసారి ఇంటికి పార్సిల్ వస్తే, అట్టపెట్టెను పారేసే ముందు దాని అంచును మీ పిల్లలకు చూపించండి. పైనొక కాగితం, కిందొక కాగితం, మధ్యలో అలల్లా మడిచిన ఇంకో కాగితం. దీన్ని శాండ్‌విచ్ నిర్మాణం అంటారు. ఉపగ్రహాల పలకల్లోనూ ఇదే సూత్రం. వాటిలో పై పొరలకు కార్బన్ ఫైబర్ లాంటి కాంపోజిట్ వాడతారు. మధ్యలో తేనెపట్టు లాంటి గదులుంటాయి. కొన్ని నిర్మాణాల్లో వాటికి బదులు కరెంటు టవర్‌లా సన్నని కడ్డీలను త్రిభుజాలుగా కలిపిన లాటిస్ ఉంటుంది.

పలకను కిందికి వంచితే పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. ఆ రెండూ జారకుండా, దగ్గరకు రాకుండా పట్టి ఉంచడమే మధ్య భాగం పని. ఒక రేకు మందాన్ని రెండు సగాలు చేసి, మధ్యలో తేలికైన లాటిస్ పెట్టి, మొత్తం మందం 4 రెట్లు చేశామనుకోండి. వంగకుండా నిలిచే గుణం సుమారు 37 రెట్లు అవుతుంది. లెక్క తేలికే: 4 ఘనం 64, ఖాళీగా ఉన్న 3 వంతుల ఘనం 27, తేడా 37.

ఇంట్లో చేసి చూడండి. చార్ట్ పేపర్‌తో 30 సెంటీమీటర్ల పట్టీలు రెండు, 60 సెంటీమీటర్ల పట్టీ ఒకటి కత్తిరించండి. పొడవు పట్టీని విసనకర్రలా మడిచి, రెండు పట్టీల మధ్య ఉంచండి. పుస్తకాల రెండు దొంతరల మీద వంతెనలా పెట్టి, ఒక్కో నాణెం వేయండి. తర్వాత ప్రతి మడత అంచునూ పై, కింది పట్టీలకు జిగురుతో అంటించి, ఆరనిచ్చి, మళ్లీ వేయండి. కాగితం అదే, బలంలో తేడా ఎంతో!

ఆ అతుకే ప్రాణం. 1999 నవంబరులో అమెరికాలో నాసా ఎక్స్-33 వాహనం కోసం చేసిన కాంపోజిట్ హైడ్రోజన్ ట్యాంకు నేలమీద పరీక్షలోనే దెబ్బతింది. లోపలి పొరలోని సన్నని పగుళ్ల గుండా హైడ్రోజన్ తేనెపట్టు గదుల్లోకి చేరింది. అక్కడ ఒత్తిడి పెరిగి బయటి పొర ఊడిపోయింది. ఇంజినీర్లు ముక్కలను పరిశీలించే కారణం తెలుసుకున్నారు.

కాబట్టి ప్రాజెక్టును మీరే చక్కగా చేసి పంపకండి. పిల్లలు చేసింది కూలితే కోప్పడకండి. "ముందు ఏం జరిగింది? పై పొర ముడతపడిందా, మధ్య మడతలు నలిగాయా, జిగురు ఊడిందా?" అని అడగండి. జవాబు నోట్‌బుక్‌లో రాయించండి. ఆ విరిగిన మోడల్‌ను కూడా స్కూలుకు పంపండి.