కంచెను కాచే కణాలు

పశువులు పైరు మేయకుండా రైతు చేను చుట్టూ కంచె వేస్తాడు. ఆ కంచే చేను మేయడం మొదలుపెడితే ఇక దిక్కెవరు? కాపాడవలసినవారే కాజేసే సందర్భాల్లో మన పెద్దలు ఈ సామెత వాడుతుంటారు. మానవ శరీరం విషయంలో ఇది ఒక్కొక్కప్పుడు అక్షరాలా నిజమవుతుంది.

శరీరానికి కంచె రోగనిరోధక వ్యవస్థ. మనం పీల్చే గాలిలో, తాగే నీటిలో, తాకే ప్రతి వస్తువు మీదా కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయి. వాటిలో హాని చేసేవి లోపలికి చొరబడితే తెల్లరక్తకణాలు ఎదుర్కొంటాయి. ఈ తెల్లరక్తకణాలలో ఒక ముఖ్యమైన తెగ టి-కణాలు. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ అనే గ్రంథికి చేరి, అక్కడ ఎదుగుతాయి. ఆంగ్లంలో ఆ గ్రంథి పేరు ‘టి’ అక్షరంతో మొదలవుతుంది కనుక వీటికి ఆ పేరు వచ్చింది. థైమస్ వల్ల పెద్దగా ప్రయోజనమేమీ లేదని చాలాకాలం భావించారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన చిట్టెలుకల నుండి ఆ గ్రంథిని తొలగించి చూశారు. వాటి రోగనిరోధక శక్తి దెబ్బతిన్నది. థైమస్ విలువ అప్పుడు తెలిసివచ్చింది.

ప్రతి టి-కణం పైనా ఒక గ్రాహకం ఉంటుంది. దీనిని తాళంచెవి వంటిదని అనుకోవచ్చు. ఏ రోగక్రిమి ఏ రూపంలో వస్తుందో శరీరానికి ముందుగా తెలియదు. అందువల్ల అది లెక్కలేనన్ని రకాల తాళంచెవులను గుడ్డిగా తయారుచేస్తూ పోతుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. అలా తయారైన వాటిలో కొన్ని సొంత ఇంటి తాళాలకే సరిపోతాయి! అంటే కొన్ని టి-కణాలు రోగక్రిములను వదలి సొంత అవయవాలనే శత్రువులుగా భావిస్తాయన్న మాట. థైమస్ అటువంటి వాటిని చాలావరకు ఏరి అక్కడే నశింపజేస్తుంది. కాని ఏ జల్లెడ నుండైనా కొన్ని గింజలు జారక తప్పదు.

జారినవి అదుపు తప్పితే స్వయం ప్రతిరక్షక వ్యాధులు వస్తాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నాశనమైతే పిల్లల్లో ఎక్కువగా కనిపించే మొదటి రకం మధుమేహం వస్తుంది. దాడి కీళ్లలోని పొర మీద జరిగితే రుమటాయిడ్ కీళ్లవాతం వస్తుంది. వేళ్లు వంకరపోయి, గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమయ్యే రోగులుంటారు. నరాల తొడుగు మీద దాడి జరిగితే చూపు మందగించవచ్చు, నడక తడబడవచ్చు. ఈ వ్యాధులకు బయటి క్రిమిని చంపే మందు పనికిరాదు. ఎందుకంటే ఇక్కడ దాడి చేస్తున్నది శరీరంలోని సొంత సైన్యమే.

ఇప్పుడొక ప్రశ్న. జల్లెడ నుండి జారిన టి-కణాలు ఆరోగ్యవంతులలో కూడా ఉంటాయి. మరి అందరికీ ఈ వ్యాధులు ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్నను పట్టుకొని జీవితమంతా కృషి చేసిన శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి.

ఆయన 1951 జనవరి 19న జపాన్ దేశంలోని షిగా మండలంలో, బివా సరస్సు ఒడ్డున ఉన్న నగహామా పట్టణంలో జన్మించారు. క్యోటో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివి 1976లో పట్టభద్రులయ్యారు. వైద్యవృత్తి చేపడితే సుఖంగా జీవించగల అవకాశం ఉన్నా, ఆయన మనసు పరిశోధన వైపు మొగ్గింది. నగోయా నగరంలోని ఐచి క్యాన్సర్ కేంద్రంలో జరిగిన ఒక ప్రయోగం ఆయనను ఆకర్షించింది.

ఆ ప్రయోగాన్ని 1969లో యసుఆకి నిషిజుకా, తెరుయో సకాకురా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించారు. వారు పుట్టిన మూడవ రోజున ఆడ చిట్టెలుకల థైమస్‌ను తొలగించారు. టి-కణాలు ఎదిగే చోటునే తీసివేశారు గనుక రోగనిరోధక శక్తి తగ్గవలసింది. కాని జరిగింది వేరు. ఆ ఎలుకల అండాశయాలు క్రమంగా నశించాయి. అవయవాన్ని తినివేస్తున్నది వాటి సొంత రోగనిరోధక వ్యవస్థే అని తరువాత తేలింది. ఏడవ రోజున థైమస్ తీసివేస్తే మాత్రం ఏమీ కాలేదు. మూడవ రోజుకూ ఏడవ రోజుకూ మధ్య ఏమి జరుగుతున్నట్లు? సైన్యాన్ని తగ్గిస్తే అరాచకం ఎందుకు పెరిగినట్లు?

సకాగుచి క్యోటోలోని చదువును మధ్యలో ఆపి, నిషిజుకా పరిశోధనశాలలో చేరి ఈ చిక్కుముడిని విప్పడానికి పూనుకున్నారు. ఆయన ఊహ సరళమైనది. టి-కణాలన్నీ పోరాడే సైనికులే కాకపోవచ్చు. వాటిలోనే సైనికులను అదుపులో ఉంచే కాపలాదారులు కూడా ఉండవచ్చు. థైమస్ తీసివేసినప్పుడు ఆ కాపలాదారులు లేకుండా పోతున్నారేమో! దీనిని పరీక్షించడానికి ఆయన ఆరోగ్యంగా ఉన్న ఎలుకల నుండి టి-కణాలను తీసి, మూడవ రోజున థైమస్ పోగొట్టుకున్న ఎలుకలకు ఎక్కించారు. వాటికి వ్యాధి రాలేదు. ఈ ఫలితం 1982లో వెలువడింది.

ఊహకు బలం చేకూరింది. కాని కాలం ఆయనకు అనుకూలంగా లేదు. 1970వ దశకంలో ‘అణచివేసే టి-కణాలు’ అనే పేరుతో ఇటువంటి భావనే ఒకటి ఎంతో ప్రచారంలోకి వచ్చింది. ఎందరో దాని మీద పనిచేశారు. అయితే వారు తమ సిద్ధాంతానికి ఆధారంగా చెప్పిన జన్యువు, వెదకవలసిన చోట వెదికితే అసలు కనబడనే లేదు. దానితో ఆ సిద్ధాంతమంతా కుప్పకూలింది. అణచివేసే కణం అన్న మాట ఎత్తితేనే శాస్త్రవేత్తలు ముఖం తిప్పుకునే పరిస్థితి ఏర్పడింది. తప్పుడు సాక్ష్యం వల్ల నిజమైన దావా కూడా వీగిపోవడం లోకంలో ఉన్నదే. ఎందరో ఆ రంగాన్ని విడిచిపెట్టారు. సకాగుచి విడిచిపెట్టలేదు. సిద్ధాంతం కూలినా, తన చేతిలోని ఎలుకలు చెబుతున్న సంగతి మారలేదు గదా అన్నది ఆయన పట్టుదలకు ఆధారం.

1983లో క్యోటో నుండి డాక్టరేటు పొంది ఆయన అమెరికా వెళ్లారు. జాన్స్ హాప్కిన్స్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో పనిచేశారు. ఆదరణ లేని విషయానికి ధనసహాయం దొరకడం ఎక్కడైనా కష్టమే. లూసీల్ మార్కీ అనే ధార్మిక సంస్థ యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే సహాయం ఆయనకు లభించడం వల్ల పని ఆగిపోలేదు. 1990వ దశకం ఆరంభంలో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు.

ఇక మిగిలిన పని ఒక్కటే. కాపలాదారును వేలెత్తి చూపాలి. సూక్ష్మదర్శినిలో టి-కణాలన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. వాటి ఉపరితలం మీద ఉండే ప్రోటీన్లను బట్టే వేరుచేయాలి. ఎన్నో గుర్తులను పరీక్షించిన మీదట ఆయన దృష్టి సి.డి.25 అనే ప్రోటీన్ మీద నిలిచింది. సహాయక టి-కణాలలో సుమారు పదింట ఒకవంతు కణాల పైన మాత్రమే అది కనబడుతుంది. ఆయన బృందం ఎలుకల టి-కణాల నుండి ఈ గుర్తు ఉన్నవాటిని ఏరివేసింది. మిగిలినవాటిని పుట్టుకతోనే థైమస్ లేని ఒక జాతి ఎలుకలకు ఎక్కించింది. ఆ ఎలుకల అవటు గ్రంథి, జీర్ణాశయం, అండాశయాలు వంటి అవయవాల మీద దాడి మొదలైంది. ఏరివేసిన కణాలను కూడా కలిపి ఎక్కించినప్పుడు దాడి జరగలేదు. ఈ పరిశోధన 1995లో ప్రచురితమైంది. పత్రం మీద ఆయన పేరుతో పాటు సహధర్మచారిణి నొరికో సకాగుచి పేరు కూడా ఉంది. ఈ కణాలకు ‘నియంత్రక టి-కణాలు’ అన్న పేరు స్థిరపడింది.

మరుసటి సంవత్సరమే పాత చిక్కుముడి కూడా వీడింది. నియంత్రక కణాలు థైమస్‌లోనే తయారవుతాయి. కాని చిట్టెలుకలో అవి థైమస్ విడిచి శరీరంలోకి రావడం పుట్టిన మూడవ రోజు ప్రాంతంలో మొదలవుతుంది. పోరాడే కణాలు అంతకు ముందే బయలుదేరుతాయి. కనుక మూడవ రోజున థైమస్ తీసివేస్తే, సైనికులు ఊళ్లోకి వచ్చేసి ఉంటారు, కాపలాదారులు ఇంకా గడప దాటి ఉండరు. ఏడవ రోజుకైతే ఇద్దరూ వచ్చి ఉంటారు. ఇరవై ఏడేళ్ల పాటు వేధించిన ప్రశ్నకు ఇంతటి చిన్న జవాబు!

అయినా కొందరి అనుమానం తీరలేదు. ఆ అనుమానం అర్థం లేనిది కాదు. సి.డి.25 గుర్తు పోరాటంలోకి దిగిన మామూలు టి-కణాల మీద కూడా కనబడుతుంది. ఒకే రంగు చొక్కా తొడుక్కున్నంత మాత్రాన ఇద్దరూ ఒకటే ఎలా అవుతారు?

జవాబు మరొక దారిన వచ్చింది. 1940వ దశకంలో అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కొన్ని మగ చిట్టెలుకలు పొలుసులు రాలే చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టాయి. అవి కొద్ది వారాలకు మించి బతకలేదు. ఆ లోపం ఎక్స్ క్రోమోసోములో ఉన్నదని మాత్రం తెలిసింది. అర్ధ శతాబ్దం గడిచాక వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఔషధ సంస్థలో మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే పరిశోధకులు ఆ లోపాన్ని వెదకడానికి పూనుకున్నారు. ఆ క్రోమోసోములోని సుమారు 17 కోట్ల అక్షరాల నుండి వెదుకులాటను 5 లక్షల అక్షరాలకు కుదించారు. ఆ భాగంలో 20 జన్యువులు తేలాయి. ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోతే లోపం చిట్టచివరి జన్యువులో బయటపడింది! ‘ఫాక్స్‌పి3’ అని పేరు పెట్టిన ఆ జన్యువులో లోపం ఉంటే మగశిశువులలో కూడా అటువంటి తీవ్రవ్యాధే వస్తుందని 2001లో వెల్లడైంది.

ఆ వార్త తెలిసిన తరువాత సకాగుచి బృందం తన కణాలను మళ్లీ పరిశీలించింది. నియంత్రక కణాలను తయారుచేసేది ఆ జన్యువే అని 2003లో ఆయన బృందమూ, మరి రెండు బృందాలూ నిరూపించాయి. మామూలు టి-కణంలో ఆ జన్యువును పనిచేయిస్తే అది కూడా కాపలాదారుగా మారింది. ఇక అనుమానానికి చోటు లేకపోయింది.

తరువాత ఆయన ఒసాకా విశ్వవిద్యాలయంలో పరిశోధన కొనసాగించారు. 2017లో క్రాఫర్డ్ బహుమతి లభించింది. 2025 అక్టోబరు 6న వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని బ్రంకోవ్, రామ్స్‌డెల్, సకాగుచిలకు ఉమ్మడిగా ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 74 సంవత్సరాలు.

ఈ కణాలను వైద్యానికి ఉపయోగించే ప్రయత్నాలు రెండు ఎదురెదురు దిక్కుల్లో సాగుతున్నాయి. క్యాన్సర్ గడ్డలు నియంత్రక కణాలను తమ చుట్టూ చేర్చుకొని, వాటి చాటున సైనికుల దాడి నుండి తప్పించుకుంటాయి. అక్కడ ఈ కాపలాను తొలగించాలి. స్వయం ప్రతిరక్షక వ్యాధులలోనూ, ఒకరి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చినప్పుడూ ఈ కాపలాను పెంచాలి. అందుకోసం రోగి రక్తం నుండే ఈ కణాలను వేరుచేసి, ప్రయోగశాలలో వృద్ధిచేసి, తిరిగి ఎక్కించే పద్ధతులను రోగుల మీద పరీక్షిస్తున్నారు. అలా పెంచిన కణం శరీరంలోకి వెళ్లాక తన స్వభావం మార్చుకొని సైనికుల్లో కలిసిపోకుండా చూడడం వారి ముందున్న పెద్ద చిక్కు.